మిగిలిన పిన్ను

బల్ల మీద గుడ్డ పరిచి
విప్పినవన్నీ వరసగా పెట్టడం నా అలవాటు.
బోల్టు పక్కన దాని నట్టు, నట్టు పక్కన దాని వాషరు,
బంతిలో కూర్చున్న పెళ్ళివారిలా
ఎవరు లేచారో ఎవరు మిగిలారో
చూడగానే తెలిసేలా.

ఆ రోజు బంతి మొత్తం లేచిపోయిందనుకున్నాను.
ముక్కు చక్రం కత్తెర కీలుకి కొత్త బోల్టు దూర్చి
నట్టు వేళ్ళతో తిప్పి ఆనించానో లేదో, ఫోను.
సాల్తో నుంచి మా అక్క.
గొర్రెల బొచ్చు కత్తిరించేవాళ్ళు ఈ ఏడూ దొరకలేదట.
చేతులు తుడుచుకుంటూ విన్నాను.
తిరిగొచ్చాక, ఎక్కడ ఆపానో
చేతులకి గుర్తుంటుందనుకున్నాను.

పుస్తకంలో రాశాను:
వార్షిక తనిఖీ పూర్తి. ఎగరడానికి యోగ్యం.
కింద విల్మార్ అని సంతకం.
దాని కింద గీత, చివర కొంచెం పైకి లేచేది.

నెలిదా బెంతాంకోర్ మాతే రెండు గుక్కలు పీల్చి
సొరబుర్ర నా చేతిలో పెట్టి
"చల్లారేలోపు వచ్చేస్తా" అంది.
మరమ్మతు తర్వాత పరీక్ష, అంతే.
పశువుల మేతభూముల మీద రెండు చుట్లు, ఒక దిగుడు.
"నువ్వూ రా" అంది.
పనుందన్నాను.
పనంటే బల్ల తుడవడం.

గుడ్డ దులిపాను.
టింగుమంది.
జడపిన్ను లాంటిది, చిటికెనవేలి గోరంత.
కాళ్ళు ఇంకా వంచలేదు. కొత్తగా మెరుస్తోంది.

రేడియో దాకా ముప్పై రెండు అడుగులు,
తర్వాత కొలిచాను.
నేను మైకు అందుకునేసరికి ఆమె చివరి మలుపు తిరిగేసింది.
ఏమన్నానో నాకు తెలీదు.
ఉత్త పేరు పెట్టి అరిచానని యమందూ అంటాడు.
పేరుతో ఏం చేసుకుంటుంది మనిషి,
నేల పది మీటర్ల కింద ఉన్నప్పుడు?

వెనక చక్రాలు రెండూ గడ్డిని మెత్తగా ముట్టుకున్నాయి.
ఇంత చక్కటి దిగుడు ఆమె అంతకుముందెప్పుడూ దిగలేదు.
ముక్కు వాలింది.
మొదట వణికింది, చలిజ్వరంలో పళ్ళలా.
పక్కకి తిరిగింది.
ముంగాలు మడతపడ్డ గిత్తలా కూలబడింది.
ప్రొపెల్లరు మూడుసార్లు మట్టిని నరికింది.
తోక పైకి లేచి, అక్కడే ఆగి,
ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ కిందపడింది.

తేరో పిట్టలు గడ్డిలోంచి లేచి గోల పెట్టాయి.
తీతువు జాతివి. గూడు ఒకచోట,
అరుపు ఇంకోచోట.
చూసేవాడు ఆ అరుపు వెంట పోవాలని.

నెలిదా తనంతట తనే దిగింది, మణికట్టు పట్టుకుని.
నుదుటి నెత్తురు కనుబొమ్మ దాకా వచ్చి ఆగింది.
"చల్లారిందా?" అని అడిగింది.
మాతే గురించని అర్థమయ్యేసరికి
అంబులెన్సు తలుపు మూసేశారు.

నాలుగో రోజు మొంతెవిదేయో నుంచి అధికారి.
గాలి ఎటు నుంచి, ఎంత, అని అడిగాడు.
క్లబ్బు అధ్యక్షుడు పక్కగాలి అన్నాడు.
యమందూ పక్కగాలి అన్నాడు.
నెలిదా కట్టు కట్టిన చేతికేసి చూసుకుంటూ
"కొంచెం తోసింది" అంది.
అందరూ గాలిని పట్టుకున్నారు.
ఎదురు చెప్పదు కదా.

పిన్ను నా జేబులోనే ఉంది.
నాలుగు రోజుల్లో మూడు చొక్కాలు మార్చాను.
ప్రతి చొక్కాకీ దాన్ని కూడా మార్చాను.
కిటికీ అవతల తేరోలు,
గూడు లేని చోట, చెవులు చిల్లులు పడేలా.

బల్ల మీద గుడ్డ పరిచాను.
ఖాళీ బంతిలో దాన్ని ఒక్కదాన్నే కూర్చోబెట్టాను.
అధికారి కళ్ళద్దాలు తగిలించుకున్నాడు.
ఎవరూ మాట్లాడలేదు.
ఇది నట్టులోంచి ఇలా దూర్చాలి,
కాళ్ళు ఇలా వంచాలి, అని
పట్టకారుతో వంచి చూపించాను.

రెండు సెకన్లు పట్టింది.